నేలదేవుడి వాటా

“ఒక్క చెట్టు కోసం చెరువంతా వంకర చెయ్యమంటావా, రెండక్కా?”

పెరటి మూలనున్న పంపరపనస చుట్టూ ఖాంగ్ అప్పటికే సున్నంతో గీత గీశాడు. చేపల చెరువు తవ్వేవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు.

“నీకది చెట్టేరా మూడూ. నా చిన్నతనమంతా దాని కిందే ఉంది,” అంది లువా.

“చిన్నతనం వండిపెడితే నా పిల్లల కడుపు నిండుతుందా? అది కాయడం కూడా మానేసింది.”

తల్లి పోయి ఆ రోజుకు ఏడాది. వడ్డనకు ముందే చేపల పులుసు రుచి చూసిన పెద్దమ్మ అరుగు మీద మొహం చిట్లించింది. తల్లికి స్వయానా అక్క. ఉత్తరాది నుంచి రైల్లో, మొదటిసారిగా ఈ లంకకు వచ్చింది.

“ఇంత పంచదారేంటే? చేపతో పాయసం కాశారా?”

లువాకు నవ్వొచ్చింది. అచ్చం అమ్మ మాటే. పెళ్ళైన కొత్తలో నాన్నతో ఓడెక్కి వచ్చి, ముసలితనం దాకా ఈ కాలవ గట్టునే బతికినా, అమ్మ నాలుకకు దక్షిణాది తీపి అలవాటవలేదు.

లువా వెళ్ళి చెట్టు కింద కూర్చుంది. పూలు ఒక్కొక్కటే ఒళ్ళో రాలుతున్నాయి. ఆ వాసనకు కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. వరద నెలల్లో నీళ్ళు పెరట్లోకి వచ్చేవి. బాతులు మంచం కింద ఈదేవి. ఈ చెట్టుకు కట్టిన పడవలో తనూ తమ్ముడూ వెల్లకిలా పడుకుంటే, కొమ్మల సందుల్లోంచి ఆకాశం మెల్లగా ఊగేది. అన్నిచోట్లా నోర్మూసుకోమనే అమ్మ ఇక్కడ మాత్రం ఏమీ అనేది కాదు. పైగా తనే తోలేది.

“ఆడుకుంటే ఆ చెట్టు కిందే ఆడుకోండి. గట్టిగా అరిచినా ఫరవాలేదు.”

మిగతా చెట్ల కాయలన్నీ పడవెక్కి సంతకు పోయేవి. దీని కాయ ఒక్కటి కూడా అమ్మ అమ్మలేదు. కొత్త బియ్యంతో పిండివంట చేస్తే మూడు వాటాలు వేసేది. రెండు పిల్లలకి. మూడోది అరిటాకులో చుట్టి చెట్టు మొదట్లో పెట్టేది.

“అదెవరికే అమ్మా?”

“నేలదేవుడికి.”

ఓసారి ఖాంగ్ ఆ దేవుడి వాటా కాస్తా మింగేశాడు. ఎన్నడూ చెయ్యెత్తని అమ్మ వాణ్ణి చెంప ఛెళ్ళుమనేలా కొట్టింది. కొట్టి, వాడికంటే ఎక్కువ తనే ఏడ్చింది. దేవుడికి అంత ఆకలేస్తుందా అని లువా ఆశ్చర్యపోయింది.

లెక్కల పిచ్చి పట్టిన వయసులో ఒకనాడు పక్కింటి అయిదవ్వను అడిగింది. “నేను రెండు, వీడు మూడు. మరి ఒకటి ఎవరవ్వా?”

అవ్వ తాంబూలం ఉమ్మేసి పగలబడి నవ్వింది. “ఓసి పిచ్చిమొద్దూ! ఇది మొదటి బిడ్డని తెలిస్తే దయ్యాలు ఎత్తుకుపోవూ? అందుకే మన లంకల్లో ఒకటనేదే లేదు, పెద్దబిడ్డనే రెండంటాం. నేను అయిదైతే నా పైన ముగ్గురే!”

కంచె ఇవతల బట్టలుతుకుతున్న అమ్మ ఆ మాట విన్నది. ఆ సాయంత్రం చాలాసేపు లువా తల దువ్వుతూ కూర్చుంది.

“అక్కా, ఏమంటావ్?” ఖాంగ్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఈసారి గొంతులో విసురు లేదు. “నువ్వొద్దంటే మానేస్తా. కానీ చెరువు లేకపోతే పిల్లల్ని బడి మాన్పించాలి.”

లువా చెట్టు మొదలును అరచేత్తో నిమిరింది. జ్ఞాపకాల కోసం మేనల్లుళ్ళ చదువు ఆపుతుందా?

“సరే, కొట్టెయ్. అమ్మ ఉంటే ఏమనేదో మరి.”

భోజనాలయ్యాక ఖాంగ్ గొడ్డలి తీసుకుని పెరట్లోకి నడిచాడు. లువా అటు చూడలేక పెద్దమ్మకు టీ పోస్తూ కూర్చుంది.

“వాడు నిన్ను రెండక్కా అంటాడేంటే?” అంది పెద్దమ్మ.

“అమ్మ పెట్టిన పిలుపే పెద్దమ్మా. పుట్టినప్పట్నుంచీ అంతే.”

“మా చెల్లే పెట్టిందా? మరి ఒకటి ఏదీ?”

లువా నవ్వేసింది. “నువ్వూ అడిగావా! ఒకటి ఎవరూ ఉండరు. పెద్దబిడ్డనే రెండంటారు కదా.”

పెద్దమ్మ కప్పు కింద పెట్టి ఆమె మొహంలోకి చూసింది. పెరట్లో మొదటి గొడ్డలి దెబ్బ పడింది.

“మా వైపు రెండు అంటే రెండో బిడ్డే, తల్లీ.”