చెమట ఆరని జోళ్ళు

ఆ రాత్రి నేను స్టూడియోలో చలికి పెట్టిన పొయ్యి ఆర్పాలి, చెక్కనేల తుడవాలి, నాట్యపు జోళ్ళు పెట్టెలో సర్దాలి.

యుద్ధం అయ్యాక హాంబుర్గ్‌లో తీస్తున్న ఆ సినిమా ఓ నర్తకి కథ. నాయికకు నాట్యం రాదు. తెరమీద పాదాలు ఇర్మ్‌గార్డ్‌వి, పేరు మాత్రం వెయ్యరు. నాతో ఒకే గదిలో ఉండేది. చివరి నాట్యం తీయకముందే, ఆ రాత్రికి రెండ్రోజుల ముందు దగ్గుతో పోయింది.

ఇర్మ్‌గార్డ్ జోళ్ళు చేతిలోకి తీసుకున్నాను. లోపల చెమట తడి, ఇంకా వెచ్చగా ఉంది.

"కూనో తాతా, ఇవాళ ఎవరైనా ఆడారా?"

"నేనే ఆడాను, ఈ కీళ్ళ నొప్పులతో. ఇంటికి పోవే," అన్నాడు కాపలా ముసలాయన.

ఇంట్లో మాత్రం ఎవరున్నారు?

దీపం ఆర్పబోతుంటే వెనక చెక్కనేల కిర్రుమంది. ఇర్మ్‌గార్డ్ ఆడేముందు దగ్గినట్టే, మెల్లగా ఓ దగ్గు వినిపించింది.

దీపం ఆర్పలేదు.

ఎప్పుడైనా ఆ సినిమా చూస్తే, ఆ పాదాలు ఇర్మ్‌గార్డ్ థోమ్జెన్‌వని గుర్తుంచుకోండి.