పసుపు రాసిన ముఖం

మెలకువ బిళ్ళలు వచ్చాక మా వీధిలో పడుకునేవాళ్ళే లేరు. మంచాల మీద వడియాలు ఎండుతున్నాయి. మా అమ్మాయి హైమ పార్సిళ్ళ గోడౌనులో పని చేస్తుంది. గేటు దగ్గర మిషను రోజూ చెంపల రంగు చూసి బిళ్ళ ఇస్తుంది. బిళ్ళ కొందరి కాలేయాన్ని పాడు చేస్తుందట. అందుకని కామెర్ల ఛాయ కనిపిస్తే ఇవ్వదు, లోపలికీ రానివ్వదు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. హైమ కూడా ఈమధ్య అన్నం సగంలోనే వదిలేస్తోంది. లైట్లకు కళ్ళు మండుతున్నాయని ఇంట్లోనూ నల్లద్దాలు తీయదు.

"డాక్టరుకు చూపించుకోవే."

"మిషను బాగున్నానంటోందిగా. నీ భయం తగలెయ్య!" అని నవ్వేస్తుంది.

శుక్రవారం తలంటాను. కుంకుడు పులుసుకు అది కళ్ళు గట్టిగా మూసుకుని ఉండగా, ముఖానికి దట్టంగా పసుపు పట్టించాను. నల్లద్దాల్లోంచి ఆ రంగు కనపడక అలాగే పనికి వెళ్ళింది. వెళ్ళినంతసేపు పట్టలేదు, తిరిగొచ్చేసింది.

"నీ పసుపు చూసి కామెర్లంది ఆ మిషను! అందరూ ఒకటే నవ్వు. కావాలనే రాశావు కదూ?"

"అవునే. ఈ ఒక్క రోజు పడుకో తల్లీ."

వడియాలు దించి దుప్పటి పరిచాను. నన్ను తిడుతూనే ఒరిగింది, తిడుతూనే నిద్రపోయింది. తడిగుడ్డతో చెంపలు తుడిచాను. పసుపంతా గుడ్డకు వచ్చేసింది. అద్దాలు తీసి, మెల్లగా రెప్ప ఎత్తి చూశాను. కంట్లో పసుపు తుడిస్తే పోయేది కాదు.

కేకేస్తే వీధంతా వచ్చింది. అందరూ మెలకువగానే ఉన్నారుగా.

"ఆసుపత్రికి మంచంతోనే మోయండి నాయనా," అన్నాను. "పిల్లను మాత్రం లేపకండి."