ఆడచేప దొరికిన రోజు

"దొరికిందే తల్లీ!" అంటూ నాన్న తడిగోనె కప్పిన తొట్టితో ల్యాబులోకి వచ్చాడు. ఏట్లో కనుమరుగైందనుకున్న చేప, ఆడది, కడుపునిండా గుడ్లతో. దీనికోసం ఈ జాలరి నాలుగేళ్లుగా పడవ దిగలేదు.

చేప గుడ్లను గడ్డకట్టించి దాచడం ఎవరికీ చేతకాలేదు. మగచేపల వీర్యాన్ని దాచగలం. అదే మా ద్రవ నైట్రోజన్ క్యానులో, ఆ చలికి గడ్డకట్టి ఉంది.

క్యానులోంచి వీర్యం నింపిన సన్నటి గొట్టం తీసి కరిగించి, మైక్రోస్కోపు కింద చుక్క వేశాను. బతికున్న కణాలైతే నీరు తగలగానే ఈదాలి.

"పెళ్లికొడుకులు లేచారా?" నాన్న నవ్వుతున్నాడు.

రెండో గొట్టం, మూడోది. ఒక్కటీ కదల్లేదు.

"కాసేపు చూడవే. నాలాగే బద్ధకమేమో."

ఎంతసేపు చూసినా కదలవని నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట కాంట్రాక్టు మనుషులు దండగంటూ ఆఫీసరుగారు మమ్మల్ని నెల్లాళ్లు బయటికి గెంటారు. ఆ నెలంతా ఆఫీసరుగారి ఏసీ ఒక్కపూటా ఆగలేదు గానీ, ఈ క్యానులో నైట్రోజన్ పోసే దిక్కు లేకపోయింది. తిరిగి చేరిన రోజు, ఎండిపోయిన క్యానును నింపి రిజిస్టరులో "అంతా సవ్యం" అని రాసింది నేనే. నిజం రాస్తే మళ్లీ వీధే.

క్యాను నింపిన ఆ సాయంత్రమే నాన్న అడిగాడు, "ఇక ఆడది దొరికితే చాలు కదే?"

చాలు నాన్నా, అన్నాను.