కొత్త పరుపు మీద టీ

దర్జీ కళ్లు తెరిచేసరికి నేరం జరిగిపోయింది. కొత్త పరుపు మీద, అతని మోచేతి పక్కనే, అరచెయ్యంత టీ మరక. దానికి ఆనుకుని పక్కకు ఒరిగిన గ్లాసు. గ్లాసు అతనిదే.

ఆ పరుపును మామూలు పరుపు అనుకుంటే పొరపాటు. ఆసుపత్రిలో నర్సుగా చేసే అతని భార్య, దాన్ని అప్పుడే ఆపరేషనైన మనిషిని చూసుకున్నట్టు చూసుకునేది. పొద్దున్నే కిటికీలు తెరిచి గాలి తగలనిచ్చేది. మెత్తటి బ్రష్షుతో దులిపేది. ఒకచోటే కుంగిపోకుండా, తలవైపు కాళ్లవైపుకు వచ్చేలా మొగుడి చేత తిప్పించేది. అంచు మీద కూర్చోవడం నిషేధం, సాక్సు తొడుక్కోవాలన్నా నేల మీద చతికిలబడాల్సిందే. డ్యూటీకి వెళ్తూ, నీళ్లు దిగని కవరు కప్పి, దీని మీద చుక్క పడితే ఊరుకునేది లేదని చెప్పి మరీ వెళ్లేది. ఆ గదిలోకి ఈగ కూడా కాళ్లు తుడుచుకుని వచ్చేదంటే నమ్మాలి మరి.

దర్జీ మాత్రం రోజూ మధ్యాహ్నం కొట్టు మూసి, ఆ కవరు పక్కకు లాగి, టీ గ్లాసుతో సహా పరుపు మీద వాలిపోయేవాడు. మిషను మీద వంగి వంగి విల్లులా తయారైన అతని నడుము, ఈ పరుపు వచ్చాకే నిటారైంది. ఇప్పుడు సంగతి బయటపడితే భార్య తనను హాల్లోని పాత పరుపు మీదికి తోలేస్తుంది. అందులో దూది గడ్డలు కట్టి, బంగాళాదుంపల బస్తా మీద పడుకున్నట్టుంటుంది. ప్రస్తుతం దాని మీద దొర్లుతున్నవాడు బావమరిది. నాలుగు రోజులుండి పోతానని వచ్చి, పోయే ఊసే ఎత్తని మనిషి. ఇప్పుడు కూడా ఇల్లెగిరిపోయేలా గురక పెడుతున్నాడు.

తడిగుడ్డతో అద్దితే మరక ఇంకాస్త ఒళ్లు చేసింది. వంటసోడా చల్లితే ఆ తెల్లటి పొడి కింద నుంచి వెక్కిరించింది. అప్పుడు దర్జీ కంట పడింది, దండెం మీద బావమరిది తువ్వాలు. మెల్లగా తెచ్చి మరక పక్కన పడేశాడు. గ్లాసు కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు వెళ్లి మిషను తొక్కుతూ కూర్చున్నాడు. ఆ కంగారులో ఎవరి చొక్కాకో మూడో చెయ్యి కుట్టేశాడు.

సాయంత్రం ఇల్లు చేరిన నర్సమ్మ, బూట్లు కూడా విప్పకుండా ఇద్దరినీ పడకగదిలో నిలబెట్టింది.

"ఎవరిదీ ఘనకార్యం?"

దర్జీ చూపు తువ్వాలు వైపు తిప్పబోయాడు. అంత అవసరం లేకపోయింది.

"నేనేనక్కా," అన్నాడు బావమరిది తల వంచుకుని. "కవరు తీసిందీ నేనే."

చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్న బావమరిదిని చూస్తే దర్జీకి గుండె కలుక్కుమంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. నడుము గుర్తొచ్చి మళ్లీ మూసేశాడు.

తీర్పుకు ఎంతోసేపు పట్టలేదు. మరక పడిన పక్క మీద ఆవిడ ఒళ్లు వాల్చదు. పారెయ్యనూ పారెయ్యదు. పుట్టింట్లో ఉన్ననాటి నుంచీ ఆవిడది ఒకటే పద్ధతి: ఏదైనా పాడుచేసినవాళ్లే దాన్ని వాడుకోవాలి. దర్జీ తన చొక్కాను వీపున ఇస్త్రీపెట్టె మచ్చతో తొడుక్కు తిరుగుతున్నది అందుకే. కంగారులో ఆ సంగతే అతనికి తట్టలేదు.

"నీ మరక మీద నువ్వే పడుకో ఇక," అంది తమ్ముడితో. పాత పరుపు తెచ్చి తమ మంచం మీద వెయ్యమంది మొగుడితో.

కొత్త పరుపును బావా బావమరిదీ చెరో కొసా పట్టుకున్నారు. దర్జీ నడుము అప్పుడే మూలగడం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర ఇక ఉండబట్టలేక, చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నావురా అని గుసగుసగా అడిగాడు.

"చెయ్యనిదేంటి బావా," అన్నాడు బావమరిది, బొటనవేలితో పరుపును ఆప్యాయంగా నిమురుతూ. "నీ గ్లాసు ఖాళీ అయ్యాకే దొర్లింది. నా గ్లాసులోది నీ ఒంటి మీద పడకుండా ఒంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."