డబ్బాలో కరువు

చంద్రమోహన్ డబ్బా మూత తీసి, చెంచాతో కరువును నీళ్ళలో కలిపాడు.

దాని పేరు మానిటాల్. చక్కెర నుంచి తయారయ్యే తెల్లటి పొడి. నాలుక మీద వేసుకుంటే చల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది. మనిషితో మర్యాదగానే ఉంటుంది గానీ, నీళ్ళలో ఎక్కువగా కలిపితే ఆ నీటిని విత్తనానికి అందనివ్వదు. ల్యాబులో కరువు పుట్టించడానికి అంతకంటే సులువైన దారి లేదు.

"అనంతపురంలో కరువును దుడ్లిచ్చి కొన్నారా సార్? మమ్మల్ని అడిగింటే ఊరికే ఇస్తుంటిమి కదా!" అంది ల్యాబు ఊడ్చే ఓబమ్మ.

బల్ల మీద రెండు స్టీలు గిన్నెలు. రెండింట్లోనూ అతను తయారుచేసిన కొత్త రకం వేరుశనగ గింజలే. ఒకదాంట్లో మామూలు నీళ్ళు పోసి 'మంచినీళ్ళు' అని, రెండోదాంట్లో పొడి కలిపిన నీళ్ళు పోసి 'కరువు' అని చీటీలు అంటించాడు. కరువు గిన్నెలో మొలకలు రాకపోతే ఈ రకాన్ని మూలన పడేస్తారు. దానికి అతను పెట్టుకున్న పేరు ఆదిలక్ష్మి. పోయిన భార్య పేరు.

"చుట్టూ నీళ్ళుండి గింజలకు తాగేకి లేదా? మా కణేకల్లో కాలవ నీళ్ళ వంతు రాని చివరి మడి మాదిరే ఉండాది," అతను పొడి సంగతి చెప్పాక ఓబమ్మ నిట్టూర్చింది.

అతను నవ్వి, గిన్నెల మీద మూతలు పెట్టి, టీకి వెళ్ళాడు.

తర్వాత భయంతో మూత తీయనేలేదు. వారానికి పై అధికారి సుదర్శన్ వచ్చి తానే తీశాడు.

కరువు గిన్నెలో ప్రతి గింజా మొలిచింది. మంచినీళ్ళ గిన్నెలో ఒక్కటీ కదల్లేదు.

"నీళ్ళిస్తే అలుగుతాది, కరువైతే మొలుస్తాది! మన జిల్లా కోసమే పుట్టినాదప్పా నీ ఆదిలక్ష్మి!" సుదర్శన్ అతని భుజం చరిచాడు.

చంద్రమోహన్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. బతికున్నప్పుడూ ఆమె అంతే. పట్టుచీర తెస్తే ముఖం తిప్పుకునేది, తను మాడ్చిన దోసె పెడితే మురిసిపోయేది.

సుదర్శన్ అప్పటికే ఫోనందుకున్నాడు. "వానతో పనే లేదు సార్! ఈ పొద్దే పేపరోళ్ళను పిలిపిస్తా!"

ఓబమ్మ చీపురు పక్కన పెట్టి, మొలకల వైపు ముచ్చటగా చూసింది.

"మొలవక యాడికి పోతాది సార్, చివరి మడికీ ఒగసారి వంతు రావల్ల కదా అని, మీరట్ల టీకి పోతూనే ఆ గిన్నెలో నీళ్ళు దీంట్లో, దీంట్లోవి దాంట్లో పోస్తి."