రేణు మొదటి ఆపరేషన్

తెర అవతల కూతురి గొంతు వినబడగానే భీమశంకర్ గుండె గుభేలుమంది.

అంత పెద్ద హాస్పిటల్లో ఎన్ని గదులున్నాయి! రేణు ఈ గదికే వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

డాక్టరు కావాలనుకునే కాలేజీ పిల్లలకి ఆపరేషన్లు దగ్గరుండి చూపించడం, ఎనభై నాలుగు వేసవిలో, డర్హమ్‌లోని ఆ హాస్పిటల్లో కొత్తగా మొదలుపెట్టారు. రేణు చేరింది. చేరిందే గాని ధైర్యం లేదు. కాలేజీలో కప్పని కోసిన రోజే కళ్ళు తిరిగి పడిపోయిన పిల్ల.

"రేపు కూడా ఫెయింట్ అయితే ఈ ప్రీమెడ్ చదువు డ్రాప్ చేస్తా నాన్నా. ప్రామిస్," అంది ముందురోజు, క్యారీ ఊళ్ళోని తమ ఇంట్లో భోజనాల దగ్గర.

"నీకేం కాదు. ధైర్యంగా చూడు," అన్నాడాయన.

తను మాత్రం షార్లెట్‌లో రెండు రోజుల మీటింగని చెప్పి, తెల్లవారుతూనే ఇక్కడికి వచ్చేశాడు. నిజం భార్య శశికళకి ఒక్కదానికే తెలుసు. రేణుకి తెలిస్తే బెంబేలెత్తిపోతుంది.

ఇప్పుడు నోరు విప్పడానికి లేదు. కదలడానికి లేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాడు.

"కాస్త కూర్చుంటావా?" సర్జన్ గొంతు.

"నో డాక్టర్, ఐ యామ్ ఓకే." రేణు గొంతు వణికింది.

'పడిపోకు తల్లీ' అనుకున్నాడు భీమశంకర్. నుదుట చెమట పట్టింది. లేచి వెళ్ళి దాని చెయ్యి పట్టుకోవాలనిపించింది. నడుంలో ఇచ్చిన ఇంజెక్షన్‌కి కాళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

పక్కనే కూర్చున్న నర్సు "ఆల్ రైట్?" అని గుసగుసగా అడిగింది. కళ్ళతోనే అవునన్నాడు.

"ఇదేమిటో చెప్పు," అన్నాడు సర్జన్.

పళ్ళెంలో ఏదో కత్తెర పడిన చప్పుడు. భీమశంకర్ పంటి బిగువున ఆగాడు.

"స్మాల్ ఇంటెస్టిన్... హెర్నియాలోంచి బయటికొచ్చింది." మళ్ళీ క్షణం ఆగి, ఎవరికీ అర్థం కాదని మరచిపోయి, రేణు తెలుగులో పైకే అనేసింది. "అబ్బ, ఎంత బాగుందో!"

ఈసారి ఆ గొంతులో వణుకు లేదు. భీమశంకర్ కళ్ళు చెమర్చాయి. ఈ పిల్ల ఇంక పడిపోదు.

"గ్లవ్స్ వేసుకున్నావుగా. కండరంలో పడిన ఆ చిల్లు ఎంతుందో నువ్వే చూడు," అన్నాడు సర్జన్.

రేణు ముందుకు వంగి, తండ్రిదని తెలియని ఆ పొట్టలో వేలు పెట్టింది.