మూడో డాన్సు

మా హాంప్‌షైర్ విందుల్లో పియానో ముందు కూర్చునేది ఎప్పుడూ నేనే. ఇరవై ఏడేళ్ళ పెళ్ళికాని అక్క వాయించాలి, పద్దెనిమిదేళ్ళ చెల్లెలు ఆడాలి.

ఆరోజు కెప్టెన్ హాల్డెన్, నేను ఆర్నెల్లుగా మనసులో దాచుకున్న మనిషి, మా లెటీతో రెండో డాన్సు ఆడుతున్నాడు. అతనేదో చెబుతుంటే అది పకపకా నవ్వుతోంది. మూడోదీ అతనితోనే ఆడితే ఇక పెళ్ళి ఖాయమేనని ఊరంతా అనుకుంటుంది. పియానో అంటేనే ఆమడ దూరం పారిపోయే పిల్ల, మూడు వారాలుగా ఒకే పాట పట్టుకుని చెవులకు చిల్లులు పెడుతోందంటే ఎవరి మెప్పు కోసమో నాకు తెలియదా?

కడుపు మండిపోయింది. పాట సగంలోనే టక్కున ఆపేశాను. జంటలన్నీ అడుగు తడబడి నిలబడిపోయాయి.

లెటీ పరుగున వచ్చింది. "అదేంటక్కా, మధ్యలో ఆపేశావ్?"

"వేళ్ళు నొప్పెడుతున్నాయి. మూడోదానికి వాయించేవాళ్ళని వెతుక్కో."

"వెతకడమెందుకు, నేను లేనూ? లే, లే!" నన్ను పక్కకు నెట్టి తను కూర్చుంది. "'మీ అక్క ఎప్పుడూ ఆ పియానోకే అతుక్కుపోతుంది, నాతో ఎప్పుడు ఆడుతుందీ' అని నెల్నాళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నాడు. నాకొచ్చింది ఈ ఒక్క పాటే, తొందరగా వెళ్ళు."

వెనక్కి తిరిగితే హాల్డెన్ చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.

లెటీ అడుగడుగునా తప్పులే వాయించింది. పాట చివరికి వస్తుంటే భయంగా దానివైపు చూశాను. అది కన్నుగీటి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.